నన్నయకు ముందు పద్యాలూ పాఠాల్లోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు సాహిత్యం 11వ శతాబ్దంలో నన్నయతో, సంస్కృత భారతానికి అనువాదంగా మొదలైందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. మనవాళ్లే మన చరిత్రను ఇంత కుదించి చెప్పడం బాధగా ఉంటుంది.

848 నాటి, తూర్పు చాళుక్యుల సేనాని పండరంగని అద్దంకి శాసనం చూడండి. అందులో ఉన్నది తరువోజ. అది సంస్కృతం నుంచి తెచ్చుకున్న వృత్తం కాదు, దేశి ఛందస్సు, అంటే మన నేల మీద పుట్టిన పద్య నడక. ఆ పద్యం ‘పట్టంబు గట్టిన ప్రథమంబు’ అని మొదలవుతుంది. ‘గట్టిన’ మన మాట, ‘ప్రథమంబు’ సంస్కృతపు మాటకు తెలుగు ప్రత్యయం తొడిగినది. అంటే నన్నయకు సుమారు రెండు వందల ఏళ్ల ముందే మనవాళ్లు సంస్కృత పదాన్ని తెలుగు నడకలో ఇముడ్చుకున్నారు! కరీంనగర్ ప్రాంతంలో, కుర్క్యాల బొమ్మలగుట్ట మీద కూడా నన్నయకు ముందువే, జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలున్నాయి. నన్నయకు ముందుదే అయిన బెజవాడ యుద్ధమల్లుడి శాసనంలో మధ్యాక్కర ఉంది, అదీ దేశి ఛందస్సే.

ఇది నన్నయను తగ్గించడం కాదు. ఆయన సంస్కృత శ్లోకంతో భారతం మొదలుపెట్టాడు, సంస్కృత పద్ధతి వృత్తాలైన ఉత్పలమాల, చంపకమాలలు రాశాడు. అదే కావ్యంలో మధ్యాక్కరలూ రాశాడు. ఆ మధ్యాక్కరల సంగతి ఎవరూ అంతగా గుర్తు చేయరు. తర్వాత పాల్కురికి సోమనాథుడు ద్విపదను పట్టుకుని జాను తెనుగు, అంటే జనానికి తేలిగ్గా అర్థమయ్యే తెలుగు కోసం నిలబడ్డాడంటే, వెనక ఈ దేశి దారి ఉంది కాబట్టే.

బడి పుస్తకాల్లో అద్దంకి పద్యాన్ని అర్థంతో సహా పూర్తిగా ఇవ్వాలని పాఠ్యపుస్తక కమిటీలను కోరుతున్నాను. మీ ఆదివారం సంచికలో వారానికో శాసన పద్యం వేసినా చాలా మేలు.

– ఒక పాఠకుడు