ట్రయల్ వార్త వేస్తే దాని నంబరు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో బోదకాలుకి కొత్త మందు, ట్రయల్స్ సక్సెస్ అని వార్త వేశారు కదా, ఆ ముక్క కత్తిరించి మా అమ్మ దిండు కింద పెట్టుకుంది. ఆవిడ కుడికాలు వాచి ఇరవై రెండేళ్లు. ఆ ట్రయల్, అంటే మనుషుల మీద మందు పరీక్ష, ఎక్కడ జరిగింది, ఎవరి మీద చేశారు, మనల్ని తీసుకుంటారా, ఒక్క ముక్క లేదు. నేనే కూర్చుని వెతికా, నాలుగు రాత్రులు పట్టింది.

మన దేశంలో మందుల ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చెయ్యాలి, 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఎవరైనా చూడొచ్చు అంటారు గానీ అంతా ఇంగ్లిష్, అదీ డాక్టర్ల ఇంగ్లిష్. జబ్బు పేరు కొట్టి ఒకసారి, మందు పేరు కొట్టి ఇంకోసారి వెతుక్కోవాలి. డిగ్రీ చదివిన నాకే తల తిరిగింది, మా కోనసీమలో కాళ్లు వాచిన ముసలోళ్లు ఎవర్ని అడగాలి?

తీరా చూస్తే మీరు రాసిన ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ పాత మందులే, కలిపి ఇవ్వడమే కొత్త. పాపువా న్యూగినీలో 182 మందితో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది, మూడూ కలిపి ఒక్క డోసు వేసుకున్నవాళ్లలో నూటికి 96 మంది రక్తంలో ఏడాది తర్వాత కూడా ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు లేవు. భద్రత చూడ్డానికి మన పక్కనే కర్ణాటక యాద్గిర్‌తో కలిపి ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా పరీక్షించారు. జబ్బు దోమల ద్వారా ఇంకొకరికి పాకకుండా ఆపడానికి ఇది గొప్ప విషయమే. కానీ ఏళ్లుగా వాచిపోయిన కాలు మామూలైపోతుందని అందులో ఎక్కడా లేదు, మీ వార్త చదివినవాళ్లకి మాత్రం అలాగే అర్థమైంది.

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని అధ్యయనం పేరుతో వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. అంత జరిగాక కూడా జనం భాషలో నాలుగు లైన్లు రాయడానికి అధికారులకి తీరిక లేదా? బోదకాలు పాకకుండా ఇంటింటికీ పంచే మాత్రలు కళ్లముందే మింగించాలని రూలు, మా వీధిలో గుమ్మంలో చేతికిచ్చి పుస్తకంలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు.

ట్రయల్ వార్త ఏది వేసినా రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది మీద చేశారు, దేనికి పనిచేసింది, ఈ మూడూ వేయండి. ఈ వార్తకి సవరణ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి, అమ్మకి చదివి వినిపించాలి.

ఒక పాఠకుడు, అమలాపురం