నవ్ షపెల్ రాతిగోడ మీద మన సిపాయిల పేర్లు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఏడాది ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, లీల్ నగరానికి నైరుతిగా ఉన్న నవ్ షపెల్ గ్రామంలోని భారతీయ యుద్ధ స్మారకాన్ని చూశాను. 1915 మార్చి 10 నుంచి 13 వరకు అక్కడ జరిగిన పోరులో దాడికి దిగిన బలగంలో సగం మన దేశపు సైనికులే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ప్రాంతాల్లో ప్రాణాలు విడిచి, సమాధి ఎక్కడుందో కూడా తెలియకుండా పోయిన 4,700 మందికి పైగా సైనికుల, కూలీల పేర్లు ఆ స్మారకంలో చెక్కి ఉన్నాయి.

ఢిల్లీ సచివాలయ భవనాలకు రూపకల్పన చేసిన హెర్బర్ట్ బేకరే దీనినీ రూపొందించారు. 1927 అక్టోబరు 7న ఇది ఆవిష్కృతమైంది. గుండ్రని ప్రాకారంలో సగం మూసిన గోడ. పేర్లన్నీ దాని మీదే ఉన్నాయి. మిగతా సగం జాలీలా తొలిచిన రాతి కటకటాలు. ముందు దాదాపు 15 మీటర్ల ఎత్తున, అశోకుని స్తంభాలను తలపించే స్తంభం, దానికి ఇరువైపులా రాతి పులులు, పైన తామర పువ్వు. ఆ కటకటాలలో సాంచీ స్తూపం చుట్టూ ఉన్న కంచె పోలిక కనబడుతుంది. మన ఖిలా వరంగల్ కీర్తి తోరణాలలో సాంచీ ఛాయ ఉందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన నాకు, అంత దూరాన పొలాల నడుమ ఆ రాయి పరాయిదిగా తోచలేదు. తామర మీద నిలిపిన బ్రిటిష్ కిరీటం మాత్రం వారు ఎవరి యుద్ధంలో చనిపోయారో గుర్తుచేసి మనసును కలచివేసింది. గఢ్వాల్ రైఫిల్స్ వరుసలో, మార్చి 10న నేలకొరిగి బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన గబ్బర్ సింగ్ నేగి పేరును వెదికి, ఒక్కొక్క అక్షరం మీద వేలు ఉంచి చదివాను.

అలా చదువుకునే అవకాశం అన్నిచోట్లా లేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు గాని, మన సాధారణ సిపాయిలను రెజిమెంటు వారీగా అంకెలతో సరిపెట్టారు. ఇటువంటి వివక్ష జరిగిందని, ఈ స్మారకాల బాధ్యత చూసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021 ఏప్రిల్‌లో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

పాలస్తీనాలో పోరాడిన అశ్వదళంలో నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీ తీన్ మూర్తిలోని మూడు విగ్రహాలలో ఒకటి వారికి గుర్తు. వారి గురించీ, ఆ సంఘం వెబ్‌సైటులో పేరుతో వెదికే పద్ధతి గురించీ మీ ఆదివారం అనుబంధంలో ఒక వివరమైన వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పాత పింఛను కాగితాలు, పతకాలు ఇంట్లో దాచుకున్న కుటుంబాలు మన పల్లెలలో ఉంటే, ఇంగ్లిషులో ఒకే పేరును పలు విధాలుగా రాశారన్న సంగతి వారికి ముందుగా తెలియాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ