సముద్రం సినిమాలు పేటల్లో వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

కిందటి వేసవిలో శ్రీకాకుళం టౌనులో ఒక హాల్లో సముద్ర రక్షణ మీద డాక్యుమెంటరీ వేస్తున్నారంటే, గార మండలంలోని మా ఊరి నుంచి బస్సెక్కి వెళ్ళాను. బోటు మీద వేటకి పోయే మా ఎదురింటి అన్నదమ్ములిద్దరినీ వెంటబెట్టుకెళ్ళాను. ఏసీ హాలు, పెద్ద తెర, బొమ్మ చాలా బాగుంది. మాట మాత్రం మొత్తం ఇంగ్లిషు. కింద పడే అక్షరాలూ ఇంగ్లిషే. అరగంట గడిచాక అన్న నా వైపు వంగి, "టీచరమ్మా, ఆ వలని ఏటంతన్నాడు?" అని అడిగాడు. నాకు అర్థమైనంత చెప్పబోతే ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన మరి నోరు తెరవలేదు. సినిమా అయ్యాక చర్చ కూడా పెట్టారు. మాట్లాడినవాళ్ళలో ఒక్కరైనా సముద్రం మీద వల వేసినవాళ్ళు లేరు. హాల్లో ఉన్న ఆ ఇద్దరినీ ఎవరూ పలకరించలేదు.

సినిమా వేసినవాళ్ళని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మంచి పనే చేశారు. అది జరగాల్సిన చోటు మత్స్యకారులుండే మా పేటలు, జరగాల్సిన భాష మా భాష అని చెప్పడానికి రాస్తున్నాను.

మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఇసకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకెక్కి, ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. అవే రోజుల్లో తెల్లారి తీరం వెంట నడిస్తే చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్ళు కనిపిస్తాయి. ఆమధ్య ఒకటి చూశాను. డిప్పకి ఎక్కడా చిన్న దెబ్బ లేదు. మెడ ముందుకు చాపి ఉంది. ముందు కాలికి ఆకుపచ్చ నైలాను వల పేలిక చుట్టుకుని, చర్మంలోకి దిగిపోయి ఉంది. అప్పుడే శ్రీకూర్మంలో స్వామికి దణ్ణం పెట్టుకుని వస్తున్నానేమో, కడుపు తరుక్కుపోయింది.

తాబేలు నీళ్ళలో ఉండేదే అయినా గాలి కోసం పైకి రావాల్సిందే. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. వలలో కమ్మీల జాలీ ఒకటి బిగించి, దాని దగ్గర ఒక దారి వదిలితే తాబేలు బయటికి జారిపోతుంది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వల లోపలికి పోతాయి. ఇలాంటి ఏర్పాటు మన బోట్లకి లేదనే 2019లో అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యలు కొనడం ఆపేసింది. అంటే ఇది రొయ్య రేటు సంగతి కూడా. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని, అయినా ఆ జాలీ ఎలా పనిచేస్తుందో నోటితో చెబితే సగమే అర్థమవుతుంది. నీళ్ళలో తీసిన బొమ్మ ఒక్క నిమిషం చూపిస్తే చాలు.

సినిమా చూస్తే ఏం ఒరుగుతుంది అనేవాళ్ళకి వెరావల్ సంగతి చెప్పాలి. మన కుర్రాళ్ళు ఏటా వలస పోయే ఆ గుజరాత్ తీరంలో ఒకప్పుడు వేల్ షార్కుల్ని, ఒళ్ళంతా తెల్ల చుక్కలుండే ఆ బస్సంత సొరల్ని, వందలకొద్దీ చంపేవారు. ఆ వేట మీద మైక్ పాండే డాక్యుమెంటరీ తీశారు. దాని మీద దేశమంతా మాట్లాడుకున్నారు. 2001లో ఆ సొరని వన్యప్రాణి రక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో చేర్చారు. తర్వాత అక్కడి మత్స్యకారులే, వలలో సొర పడితే వల కోసి వదలడం మొదలుపెట్టారు. తెగిన వలకి పరిహారం ఇచ్చే ఏర్పాటూ జరిగింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఈ చివరి మాటే.

టౌనులో సినిమా చూసొచ్చిన వారానికి, మా ఊరి కాలేజీ పిల్లలు ఒక ప్రొజెక్టరు అడిగి తెచ్చి తుఫాను షెల్టర్ గోడ మీద తాబేళ్ళ సినిమా వేశారు. మధ్యమధ్యలో ఆపి, ఒక అబ్బాయి మైకులో మన యాసలో చెప్పాడు. ఎండు చేపలు అమ్ముకునే ఒక ముసలామె లేచి, "మా తెప్ప వల్లో పడితే దణ్ణమెట్టి ఇడిసేస్తాం బాబూ. పెద్ద బోట్లోళ్ళకి సూపించండి ఇది" అంది. టౌను హాల్లో మాట్లాడని ఆ అన్నే వెంటనే అందుకున్నాడు. "ఇడిసేస్తాం సరే. వల సిరిగితే డబ్బులెవడిస్తాడు?" ఆ మాట మీద రాత్రి పది దాటేదాకా వాదించుకున్నారు. ఆడవాళ్ళూ కదల్లేదు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. జూన్ 1 నుంచి పడమటి తీరంలోనూ నిషేధమే కాబట్టి వెరావల్ వెళ్ళినవాళ్ళకీ అప్పుడు వేట ఉండదు. ప్రపంచ సముద్ర దినం జూన్ 8. ఇక్కడ బోటు మీద పోయేవాడూ, అక్కడ ట్రాలర్ మీద పనిచేసేవాడూ ఒకే పేటలో దొరికే రోజులవి. మత్స్యశాఖ, అటవీశాఖ అధికారులు ఆ వారాన్ని వదులుకోవద్దు. కళింగపట్నం, భావనపాడు, బారువ, అటు విజయనగరం జిల్లాలో చింతపల్లి, కోనాడల్లో సాయంత్రం పూట వెయ్యండి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివే మన పిల్లలతో తెలుగు మాట చెప్పించండి. సినిమా అయ్యాక ఉపన్యాసాలు వద్దు. వల ఖరీదు గురించి అడిగితే జవాబు చెప్పగల అధికారి ఒకరు అక్కడ కూర్చుంటే చాలు.

మా ఊరు వచ్చేటట్టయితే షెల్టర్ గోడకి తెల్ల సున్నం వేయించే ఖర్చు నాది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా