లెవెల్ నంబర్ చూసి శత్రువుని ఎంచుకోమంటే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆన్‌లైన్ ఫాంటసీ గేముల మీద అర పేజీ వేశారు, సంతోషం, మామూలుగా పేపర్లో గేముల ఊసు వచ్చిందంటే పిల్లలు పాడైపోతున్నారనే వార్తే కదా, అందుకని పిలిచి మరీ మా ఆవిడకి చూపించాను. కానీ కింద చిన్న బాక్స్‌లో మీ లెవెల్‌కి సమానమైన లెవెల్ ఉన్న శత్రువుతోనే ప్రాక్టీస్ చేయండి అని ఒక సలహా ఇచ్చారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. చదవడానికి బాగానే ఉంది, నమ్మి ఆడినవాడికి మాత్రం సంచి ఖాళీ అవుద్ది.

నేను 2006, 2007 ప్రాంతాల్లో తెనాలిలో నెట్ సెంటర్ నడిపాను. అప్పుడు స్కూలు వదలగానే కుర్రాళ్ళు వచ్చి బ్రౌజర్‌లో రూన్‌స్కేప్ అనే ఫాంటసీ గేమ్ ఓపెన్ చేసేవాళ్ళు, ఇన్‌స్టాల్ గొడవ లేదు కాబట్టి నాకూ హాయి. ఆట మొదలయ్యే లంబ్రిడ్జ్ ఊళ్ళో కోళ్ళని కొట్టడం, తర్వాత ఆవుల్ని కొట్టడం, రెండు వారాలు అదే పని, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీక ఎడ్జ్‌విల్ అనే ఊరు దాటి, ఆటగాళ్ళు ఒకర్నొకరు చంపుకోగలిగే వైల్డర్‌నెస్‌లోకి పోయి ఇంకో ఆటగాడి చేతిలో చచ్చి ఉన్న కవచం కాస్తా పోగొట్టుకుని మొహం వేలాడేసుకుని గంట డబ్బులు కట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ గేమ్ తయారుచేసిన జాగెక్స్ కంపెనీ వాళ్ళు 2007 ఆగస్టు నాటి పాత కాపీ బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని మళ్ళీ వదిలారు, 2018 అక్టోబరులో అది ఫోన్‌కీ వచ్చింది, అప్పట్నుంచి నేనూ ఆడుతున్నా. వయసు గురించి అడక్కండి.

ఈ ఆటలో మొదట్లో ఎవర్ని కొట్టాలో అందరూ చెప్తారు, ఆఖర్లో బాసులనే పెద్ద పెద్ద శత్రువుల్ని ఎలా కొట్టాలో కూడా వీడియోలు బోలెడు. మధ్యలో ఉన్నవాడినే ఎవరూ పట్టించుకోరు. ఎటాక్ అనే నైపుణ్యం లెవెల్ 40కి వచ్చి చేతికి రూన్ సిమిటార్ అనే వంపు కత్తి వచ్చాక మనిషి పరిస్థితి ఇంటర్ కుర్రాడి లాంటిది, అటు స్కూలూ కాదు ఇటు డిగ్రీ కాదు. ఆవుల దగ్గర నిలబడితే సిగ్గు, డెమన్ల దగ్గరికి పోతే చావు.

మీ బాక్స్ రాసినాయన చెప్పినట్టు చేద్దాం. ఈ గేమ్‌లో శత్రువు లెవెల్ మనకంటే తక్కువైతే ఆకుపచ్చగా, ఎక్కువైతే ఎర్రగా, సమానమైతే పసుపుగా కనిపిస్తుంది. అంటే పసుపు రంగు వెతుక్కోవాలి. నా బొమ్మ పోరాట లెవెల్ నలభైల్లో ఉన్నప్పుడు నేనూ అలాగే అనుకుని వారక్ ఊరి కింద మురుగు కాలవల్లోకి దిగాను, అక్కడ మాస్ జెయింట్లు ఉంటాయి, లెవెల్ 42, సరిగ్గా సరిపోయింది అనుకున్నా. దారిలో సాలెగూళ్ళు కోసుకుంటూ పోవాలి, అదో నస. సంచి నిండా లాబ్‌స్టర్లు, ఒక్కోటి తింటే 12 పాయింట్ల ప్రాణం వస్తుంది. జెయింట్‌కి ప్రాణం 60, ఒక్క దెబ్బకి 6 దాకా లాగేస్తుంది, పైగా నా దెబ్బల్లో సగానికి సగం సున్నాలే పడ్డాయి ఎందుకంటే దాని డిఫెన్స్, అంటే దెబ్బ తగలకుండా కాచుకునే శక్తి, తక్కువేం కాదు. లాబ్‌స్టర్లన్నీ తినేసి వెనక్కి పరిగెత్తాను. కొండని తవ్వి ఎలకని పట్టినట్టు.

ఇప్పుడు శాండ్ క్రాబ్ అనే పీత సంగతి చూడండి. లెవెల్ 15. మీ బాక్స్ ప్రకారం నాలాంటివాడు దాని మొహం కూడా చూడకూడదు. కానీ దాని ప్రాణం కూడా 60, ఆ జెయింట్‌తో సమానం, కొట్టేది మాత్రం మహా అయితే 1. డిఫెన్స్ దాదాపు లేనట్టే. ఈ ఆటలో అనుభవం పాయింట్లు శత్రువు లెవెల్ చూసి ఇవ్వరండీ, మనం ఎంత ప్రాణం తీశామో దాన్నిబట్టి ఇస్తారు, ఒక్కో దెబ్బ పాయింటుకి 4 చొప్పున, అంటే జెయింట్‌ని చంపినా 240 పీతని చంపినా 240. మరి ఎవడైనా తన్నులు తింటూ సంపాదిస్తాడా తినకుండా సంపాదిస్తాడా. లెవెల్ అనే నంబర్‌లో శత్రువు ఎంత గట్టిగా కొడతాడు అన్నది కూడా కలిసే ఉంటుంది, ప్రాక్టీస్‌కి మనకి కావాల్సింది సరిగ్గా దానికి ఉల్టా, ప్రాణం ఎక్కువ ఉండాలి, చెయ్యి దురుసు ఉండకూడదు.

ఒక లెక్క చెప్తా, పేపర్ మీద వేసి చూశాను. స్ట్రెంగ్త్, అంటే దెబ్బ బలం, లెవెల్ 40 నుంచి 60కి రావాలంటే 2,36,518 పాయింట్లు కావాలి. ఆవు ప్రాణం 8 అంటే ఒక ఆవుకి 32 పాయింట్లు, అలా అయితే 7,391 ఆవుల్ని కొట్టాలి, ఇంకా ఒకటి ఎక్కువే. హిల్ జెయింట్ ప్రాణం 35, అది సుమారు 1,690. శాండ్ క్రాబ్ అయితే 986. ఆవు దగ్గర ఇంకో నష్టం కూడా ఉంది, అది చచ్చిన ప్రతిసారీ ఇంకో ఆవుని వెతుక్కోవాలి, ఆ లోపు పక్కనున్న కుర్రాడు దాన్ని లాక్కుంటాడు. పీతలైతే అవే లేచి మీదికొస్తాయి, ఫోన్ బల్ల మీద పెట్టి అన్నం తినొచ్చు. అయితే పది నిమిషాలయ్యాక వాటికి మన మీద ఆసక్తి పోతుంది, రాళ్ళలా పడుకుంటాయి, కాస్త దూరం పరిగెత్తి మళ్ళీ వెనక్కి వస్తే లేస్తాయి. దీనికోసం ఆటో క్లిక్కర్లు పెట్టేవాళ్ళున్నారు, అది నిషేధం, అకౌంట్ పోతుంది, మీ పాఠకులెవరూ ఆ పని చెయ్యొద్దు.

మన ఊళ్ళలో ఆడేవాడికి ఇంకో సంగతి ముఖ్యం, అది బయటి దేశాలవాళ్ళ గైడ్లలో కనపడదు. కరెంటు పోతుంది. కరెంటు పోతే వైఫై పోతుంది, ఫోన్ డేటాకి మారేలోపు ఒక అర నిమిషం. పోరాటం మధ్యలో నెట్ కట్టయితే మన బొమ్మ వెంటనే మాయం కాదు, కాసేపు అక్కడే నిలబడి దెబ్బలు తింటూ ఉంటుంది, తిండి పెట్టేవాడు లేడు. 6 కొట్టే జెయింట్ దగ్గర ప్రాణం తక్కువున్నప్పుడు అలా జరిగితే శవం తప్ప ఏం మిగలదు, 1 కొట్టే పీత దగ్గర ఐతే తిరిగొచ్చేసరికి ఇంకా బతికే ఉంటాం. ఎండాకాలం మొత్తం నేను పీతల దగ్గరే గడిపాను, ఇందుకే.

పీతలకి లోటు లేదని కాదు. చచ్చాక వాటి దగ్గర దొరికేది చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పైగా డబ్బు కట్టిన మెంబర్లకే అవి, పోర్ట్ శారిమ్ రేవు నుంచి ఓడెక్కి కూరెండ్ అనే రాజ్యానికి పోయి అక్కడ హోసిడియస్ ప్రాంతం దక్షిణపు ఒడ్డున వెతకాలి, రెల్లెకా అనే ఊరి వైపు రాక్ క్రాబ్స్ అని వాటి అన్నదమ్ములు ఉంటాయి, ప్రాణం 50, అవీ మెంబర్లకే. కార్డు లేని పిల్లలు, అంటే మా సెంటర్‌కి వచ్చిన కుర్రాళ్ళలాంటివాళ్ళు ఏం చెయ్యాలి? వాళ్ళకి నేను చెప్పేది రెండే. ఒకటి ఎడ్జ్‌విల్ కింద గుహలో హిల్ జెయింట్లు, లెవెల్ 28, దెబ్బ 4 దాకా పడుతుంది కానీ పెద్ద ఎముకలు వస్తాయి, మామూలు ఎముక పాతిపెడితే ప్రార్థన అనే నైపుణ్యంలో 4.5 పాయింట్లు, వీటికి 15. ఒక ఇత్తడి తాళంచెవి ఉంటే దగ్గరి దారిలో దిగొచ్చు. ఆ గుహ ఉత్తరం వైపు గేటు దాటితే మాత్రం అది వైల్డర్‌నెస్, పాత కథే రిపీట్ అవుద్ది. రెండోది బార్బేరియన్ ఊళ్ళో ఉన్న సెక్యూరిటీ కోట, అందులో రెండో అంతస్తులో ఫ్లెష్ క్రాలర్స్ అని పురుగులున్నాయి, వీటిలో చిన్నవి కూడా లెవెల్ 28వే, కానీ ప్రాణం 25, కొట్టేది చాలా తక్కువ, అవే వచ్చి మీద పడతాయి. చూశారా ఒకే నంబరు, రెండు వేరే వేరే జంతువులు, మీ బాక్స్ ప్రకారం రెండూ ఒకటే.

ఆ కోట అంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. ప్రతి తలుపు దగ్గరా పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పొచ్చా లాంటి ప్రశ్న అడిగి కరెక్ట్‌గా చెప్తేనే లోపలికి వదులుద్ది, మొదటి మూడు అంతస్తులు పూర్తిచేస్తే 10,000 నాణేలు. మా సెంటర్‌లో గోడకి పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు అని నేను అంటించిన కాగితం ఒక్కడూ చదవలేదు, ఈ తలుపులు మాత్రం అందరూ చదివారు.

కంబాట్, అంటే పోరాట లెవెల్, 40కి చేరిన మెంబరు ఐతే అదే ఎడ్జ్‌విల్ గుహలో ఉండే వన్నాకా అనే మాస్టర్ దగ్గర స్లేయర్ పని అడగొచ్చు, ఎవర్ని ఎంతమందిని చంపాలో ఆయనే చెప్తాడు, విసుగు తగ్గుద్ది. వేగం మాత్రం పీతలంత ఉండదు అని నా అనుభవం.

కాబట్టి మీరు ఆ బాక్స్ సరిచేసి మళ్ళీ వెయ్యాలి, లెవెల్ పక్కన ప్రాణం ఎంత, గరిష్ట దెబ్బ ఎంత, డబ్బు కట్టాలా అక్కర్లేదా అని మూడు గడులు పెడితే చాలు, చోటు ఎక్కువ పట్టదు. ఇది రాస్తూ కూర్చుంటే ఫోన్‌లో పీతలు పడుకున్నాయి, వెళ్ళి లేపాలి.

ఇట్లు
ఒకప్పటి నెట్ సెంటర్ ఓనరు, తెనాలి