వార్షిక నివేదిక 2024-25: నీటి వంతుల కోడ్ గిట్‌కు మారిన వైనం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలు భీమవరంలో, అమలాపురంలో మార్చి మార్చి జరిగాయి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో విద్యార్థులకు పైథాన్ తరగతులు పెట్టాం. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. ఇక ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే. దాళ్వాకు (రబీ వరి పంటకు) నీటి వంతులు లెక్కకట్టే మన ప్రోగ్రామ్‌ను సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్) నుంచి గిట్‌కు మార్చాం. రెండూ కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాధనాలే. ఏ కాలువ లెక్కలో ఎవరు ఏ మార్పు ఎందుకు చేశారో ఆ చరిత్ర ఒక్క ముక్క కూడా పోకూడదని పట్టుబట్టి చేసిన పని ఇది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు మళ్లుతాయి. మన పాత రిపాజిటరీలోనూ, అంటే కోడ్, దాని చరిత్ర దాచే చోటులోనూ, అదే వరస. బ్రాంచెస్ ఫోల్డర్‌లో మూడు డెల్టాల ఫోల్డర్లు, వాటి లోపల కాలువకొక బ్రాంచ్ (విడిగా సాగే కోడ్ శాఖ). చిక్కంతా ఇక్కడే. సబ్‌వర్షన్ చరిత్రను గిట్‌లోకి తెచ్చే గిట్-ఎస్‌వీఎన్‌కు స్టాండర్డ్ లేఅవుట్ (ట్రంక్, బ్రాంచెస్, ట్యాగ్స్ అనే మామూలు ఫోల్డర్ల అమరిక) అని చెబితే బ్రాంచెస్ కింద మొదటి వరస ఫోల్డర్లనే బ్రాంచ్‌లుగా తీసుకుంటుంది. దాంతో మూడే బ్రాంచ్‌లు తేలాయి. ఏలూరు కాలువ, నరసాపురం కాలువ 'పశ్చిమ' అనే బ్రాంచ్‌లో మామూలు ఫోల్డర్లుగా కలిసిపోయాయి. ఎర్రర్ మాత్రం ఏదీ రాలేదు. బ్రాంచ్‌ల జాబితా పాతదానితో పోల్చి చూడకపోతే ఎవరికీ తెలిసేదే కాదు.

బ్రాంచెస్ ఆప్షన్‌ను ఒకటికి మించి ఇవ్వొచ్చు, డెల్టాకొకటి ఇచ్చేద్దామని కొందరన్నారు. కానీ బ్యాంక్ కెనాల్ అనే పేరు ఒక్క డెల్టాకే పరిమితం కాదు. అలా చేస్తే ఆ పేరున్న బ్రాంచ్‌లన్నీ గిట్‌లో ఒకే పేరు మీదికి వచ్చి పడతాయి. అందుకని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు)లో 'బ్రాంచెస్/*/*' అని, అంటే ఒక నక్షత్రం డెల్టాకు, ఒకటి కాలువకు వచ్చేలా రాసి, గిట్ వైపు కూడా రెండు నక్షత్రాలు పెట్టాం. ఇప్పుడు డెల్టా పేరు బ్రాంచ్ పేరులోనే ఉంటుంది.

రెండో సమస్య ఇంకా లోతైనది. గన్నవరం కాలువ బ్రాంచ్ వచ్చింది గానీ ప్రధాన కోడ్ ఉండే ట్రంక్‌తో దానికి లంకె లేదు. సబ్‌వర్షన్‌లో బ్రాంచ్ అంటే ఫోల్డర్‌కు నకలే. ఎస్‌వీఎన్ కాపీతో చేస్తే ఎక్కడి నుంచి, ఏ రివిజన్ నుంచి తీశారో నమోదవుతుంది, గిట్-ఎస్‌వీఎన్ ఆ నమోదును పట్టుకునే తల్లి బ్రాంచ్‌ను వెతుకుతుంది. ఈ బ్రాంచ్‌లో ఫైళ్లను చేత్తో కాపీ చేసి కొత్తగా యాడ్ చేశారు. వెర్బోస్, స్టాప్-ఆన్-కాపీ ఆప్షన్లతో ఎస్‌వీఎన్ లాగ్ చూస్తే ఫోల్డర్ పుట్టిన కమిట్ (ఒకసారి నమోదు చేసిన మార్పు)లో 'ఫ్రమ్' అన్న మాటే లేదు. అప్పటి ట్రంక్ ఫైళ్లతో పోల్చి సరిపోయిన కమిట్‌ను కనిపెట్టాం. గిట్ రీప్లేస్ అనే ఆదేశంలోని గ్రాఫ్ట్ (అంటుకట్టే) ఆప్షన్‌తో దాన్ని తల్లిగా కట్టి, తర్వాత చరిత్రను తిరగరాసి శాశ్వతం చేశాం.

ట్యాగ్‌లు (కోడ్‌లో ఒక దశకు పెట్టిన గుర్తు పేర్లు) రిమోట్ బ్రాంచ్‌లుగానే వచ్చాయి, వాటిని మామూలు ట్యాగ్‌లుగా మార్చాం. పేరు చివర @, రివిజన్ నంబర్ ఉన్న బ్రాంచ్‌లు కొన్ని మిగిలాయి. వాటిలోని కమిట్‌లు వేరే బ్రాంచ్‌లో ఉన్నాయని తేలే దాకా ఏదీ తీసెయ్యం.

పాత సర్వర్‌ను వచ్చే దాళ్వా పూర్తయ్యే వరకు చదవడానికి మాత్రమే తెరిచి ఉంచుతాం. కొత్త కోడ్ గిట్‌లోనే పెట్టండి. మీ కాలువ బ్రాంచ్‌లో తొలి కమిట్ దాకా లాగ్ ఒకసారి చూసి, తేడా కనబడితే కార్యవర్గానికి చెప్పండి.