అవి సైబీరియా పక్షులు కావు, మన తంపర పక్షులు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా వర్షాలు తగ్గే వేళకు జిల్లా పేజీల్లో మా టెక్కలి దగ్గరి పక్షుల ఊరు తేలినీలాపురం వార్త వస్తుంది. సైబీరియా నుంచి విదేశీ అతిథులు వచ్చేశాయని, పక్కన చింతచెట్టు మీద కొంగల ఫొటో. ఆ వార్త కోసం నేనూ ఎదురుచూస్తాను. కత్తిరించి మా స్కూలు బోర్డు మీద అంటిస్తాను. కానీ అందులో ఒక తప్పు ఏళ్ల తరబడి అలాగే అచ్చవుతోంది. దాన్ని చిన్న తప్పుగా వదిలెయ్యలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పక్షులు ముఖ్యంగా రెండు రకాలు. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు, అంటే పెలికాన్. తోక వైపు రెక్కల ఈకలకు గులాబీ రంగు అద్దినట్టుండే ఎర్రకాళ్ల కొంగ. ఈ రెండూ సైబీరియా ముఖం చూసినవి కావు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, పులికాట్ పక్కన నేలపట్టులో, కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో గూళ్లు కట్టేవీ ఇవే. మా పిల్లలకు నేను చెప్పే గుర్తు ఒకటుంది. చలికి తట్టుకోలేక ఉత్తరాది దేశాల నుంచి వచ్చే పక్షి ఇక్కడ తిని, ఒళ్లు చేసుకుని వెళ్లిపోతుంది. గూడు మాత్రం తన దేశానికి వెళ్లాకే కడుతుంది. మన చెట్టు మీద గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లను ఎగరేసిందంటే ఆ పక్షి మనదే.

నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి లేవా అంటే ఉన్నాయి. చలికాలంలో మన తీరంలోని ఉప్పు మడుల గట్ల మీద పొద్దున్నే నిలబడి చూడండి. ఇంచుమించు పిచ్చుకంత, బూడిద రంగులో, బురద మీద గబగబా పరిగెడుతూ పొడుచుకు తినే చిన్న పిట్టలు కనిపిస్తాయి. లిటిల్ స్టింట్ అనే ఆ పిట్ట ఉత్తర ధ్రువం అంచున ఉన్న సైబీరియా నేలల్లో పుట్టి ఇక్కడిదాకా ఎగిరి వస్తుంది. బరువు సుమారు ఇరవై, ముప్ఫై గ్రాములు. దాన్ని చూడ్డానికి బస్సులు రావు, దాని ఫొటో ఎవరూ వెయ్యరు.

పేరులో ఏముంది, పక్షుల్ని కాపాడితే చాలు కదా అని మీరు అనవచ్చు. తేడా చాలా ఉంది. విదేశీ అతిథి అనగానే వచ్చినన్నాళ్లు చూసి, వెళ్లాక మరచిపోతాం. ఒక ఏడు తక్కువ వస్తే "ఈసారి రాలేదు" అంటాం, రావడం మానడం వాటి ఇష్టమైనట్టు. ఏడాది పొడవునా ఈ నేలలోనే తిరిగే మన పక్షి అని ఒప్పుకుంటే మాత్రం వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది ఏం తిని బతుకుతోంది? ఎక్కడ తింటోంది?

అక్కడే తంపర మాట వస్తుంది. నౌపడ, కాకరాపల్లి, సంతబొమ్మాళి వైపు పరచుకున్న ఆ చిత్తడి నేలను కాగితాల మీద పనికిరాని భూమి అని రాసెయ్యడం తేలిక. ఎర్రకాళ్ల కొంగ తినే తీరు చూసినవాళ్లు ఆ మాట అనలేరు. అది చేపను కంటితో వెతకదు. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. చేపపిల్ల ముక్కుకు తగిలీ తగలగానే టప్పున మూసేస్తుంది. నీళ్లు లోతుగా ఉంటే ఈ పద్ధతి పనిచెయ్యదు, ఎండిపోతే చేపే ఉండదు. దానికి కావలసింది తంపర లాంటి పలచని నీరు. అదే నేలను తవ్వి రొయ్యల చెరువు చేస్తే నీరు లోతవుతుంది, పైన పక్షులు వాలకుండా వలలు, దారాలు కడతారు. మట్టి పోసి చదును చేస్తే అసలు నీరే ఉండదు. గూడబాతు పిల్ల గూడు వదలడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ తల్లీ తండ్రీ ఇద్దరూ చేపలు మోసుకురావాలి. మేత దూరమైతే గూట్లో పిల్ల ఎండిపోతుంది.

ఊళ్లో చెట్టుకు కంచె వేసి, బోర్డు పెట్టి, వాచ్‌టవర్ కట్టి పక్షుల్ని కాపాడేశామని అనుకుంటున్నాం. గూడు ఊళ్లో ఉంది, కూడు తంపరలో ఉంది. రెండోది పోతే మొదటిది ఉండి ఏం లాభం?

ఈ తంపర కోసం ఇక్కడి జనం చిన్న పోరాటం చెయ్యలేదు. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని కాకరాపల్లి చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు రోడ్డెక్కారు. 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో వాళ్లు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఇది బీడు కాదు, మా అన్నం కంచం అని. పక్షి కంచం కూడా అదే. 2023 ఏప్రిల్‌లో ఇదే సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు వద్దని నేను అనడం లేదు. మా ఊరి కుర్రాళ్లు పనికోసం చెన్నైకి, గుజరాత్‌కు పోవడం చూస్తూ ఆ మాట ఎలా అనగలను? నేను అడిగేది ఒక్కటే. పోర్టు వెనుక వచ్చే రోడ్లు, గోదాములు, పరిశ్రమల స్థలాలు నిర్ణయించే ముందు తంపరలో నీరు ఎటు నుంచి ఎటు పోతుందో, పక్షులు ఏ నెలలో ఎక్కడ మేస్తాయో మ్యాపులో గుర్తు పెట్టండి. ఆ గుర్తుల మీద మట్టి పొయ్యకండి.

కొల్లేరు సంగతి మనకు తెలిసిందే. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద కాలనీ చూశారు. కొన్ని దశాబ్దాలకే అది ఖాళీ అయింది. తర్వాత తర్వాత పక్షులు లేకపోవడమే ఆ ఊరికి మామూలైపోయింది. తేలినీలాపురానికి ఆ గతి పట్టకూడదని నా బాధ.

ఊరివాళ్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది. పెరట్లో చెట్టు నిండా గూళ్లుంటే ఏమవుతుందో చూసిపోయేవాళ్లకు తెలియదు. రెట్టల వాసన, గూళ్ల నుంచి జారిపడిన చేపల కుళ్లు, నెలల తరబడి. చింతకాయ దులిపే కాలానికి ఇంకా పిల్లలు గూళ్లలోనే ఉంటాయి, కాబట్టి ఆ ఏడు చింతపండు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, ఇంత ఇబ్బంది పడుతూ ఎందుకు ఉంచుకుంటున్నారని ఒక ముసలమ్మను అడిగాను. "పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి. వాసనొస్తాదని కసిరేస్తామేటి?" అంది. సైబీరియా అతిథులని రాసే మనకంటే ఆవిడకే అసలు విషయం తెలుసు. పుట్టింటికి వచ్చిన పిల్లలనే అంటోంది ఆవిడ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒడ్డుకు చేరినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు గూళ్లున్న పెద్ద చెట్లూ కూలిపోయాయి. వయసు మళ్లిన చింతచెట్టు స్థానంలో ఈ రోజు మొక్క నాటితే గూడు మొయ్యగల కొమ్మ రావడానికి ఏళ్లు పడుతుంది. కొక్కరెబెళ్లూరులో గూళ్లున్న చెట్లకు యజమానులకు అటవీ శాఖ పరిహారం ఇచ్చే పద్ధతి 1970ల నుంచి ఉంది. కొట్టేస్తే కట్టెల డబ్బు, ఉంచితే నష్టం అనే స్థితి నుంచి రైతును బయటపడేసేది అలాంటి ఏర్పాటే. ఇక్కడ కూడా చెట్టు లెక్కన, ప్రతి ఏడూ ఆలస్యం లేకుండా, నేరుగా ఆ ఇంటి ఖాతాలో డబ్బు పడాలి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో వానల ముందు దిగే నత్తగుల్ల కొంగలకు నీడనిచ్చే ఇళ్లకూ అదే వర్తించాలి.

చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక మనవి. గూళ్ల దగ్గర డ్రోన్లు ఎగరెయ్యకండి, ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపకండి. తల్లి లేచిన ఆ రెండు నిమిషాలు చాలు, కాకి గుడ్డు ఎత్తుకుపోవడానికి. మొన్నటి ట్రిప్పులో మా ఎనిమిదో తరగతి పిల్లలే పెద్దవాళ్లను ఆపాల్సి వచ్చింది.

ఇక మీకు ఒక విన్నపం. ఈ ఏడు పక్షుల వార్త వేసేటప్పుడు విదేశీ అనే మాట తీసెయ్యండి. మీ విలేకరిని ఊళ్లోకి పంపినట్టే పొద్దున ఆరు గంటలకు తంపర గట్టు మీదకూ పంపండి. ఆ గులాబీ రెక్కల కొంగ పలచని నీళ్లలో ముక్కు ఊపుకుంటూ మేసే ఫొటో ఒకటి, చింతచెట్టు ఫొటో పక్కనే, అదే సైజులో వెయ్యండి. నేను రెండూ కత్తిరించి బోర్డు మీద పెడతాను.

ఇట్లు,
ఒక సైన్సు ఉపాధ్యాయురాలు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా