నాన్నగారికి, సూర్యుడు రాని ఊరి నుంచి

ట్రామ్సో, నార్వే
డిసెంబరు 14

పూజ్యులైన నాన్నగారికి మీ చిన్నమ్మాయి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరు, అమ్మ, మామ్మ క్షేమమని తలుస్తాను. ఉద్యోగం సక్రమంగానే సాగుతోంది, అందులో వ్రాయదగ్గ విశేషమేమీ లేదు. విటమిన్ డి మాత్రలు రోజూ వేసుకుంటున్నానని, ఉన్ని మేజోళ్ళు రెండేసి జతలు తొడుగుతున్నానని, తను పంపిన కందిపొడి సంక్రాంతి దాకా వచ్చేలా ఉందని అమ్మతో చెప్పండి.

పోయిన ఆదివారం ఫోనులో మీరు "సూర్యుడు కనబడుతున్నాడా?" అని అడిగితే మాట తప్పించాను. ఇక్కడ నవంబరు 27 తరువాత సూర్యుడు ఉదయించలేదు. జనవరి నడిమి దాకా ఉదయించడు. ఈ ఊరు ఉత్తరాన 69 డిగ్రీలకు పైన ఉంది. భూమి అక్షం వంగి ఉండటం వల్ల ఈ రోజుల్లో సూర్యుడు దిగంతానికి కిందనే తిరిగి వెళ్ళిపోతాడు. అలాగని రోజంతా కటిక చీకటి అనుకోకండి. పదకొండు గంటల వేళ దక్షిణపు కొండల వెనుక ఆకాశం నీలంగా తేటపడి, అంచున కాస్త గులాబీ రంగు పులుముకొని, రెండు దాటేసరికి మళ్ళీ మాసిపోతుంది. మన శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌కు ఆ పేరెందుకో నాకు తెలియదు గాని, ఈ ఊరికి పెట్టి ఉంటే సరిగ్గా అతికేది. పగలన్నదే లేదు, ఉన్నదంతా సంధ్యే.

అసలు సంగతి వ్రాస్తాను. రెండు వారాలకు పైగా నేను గాయత్రి జపిస్తున్నాను. మీకు తెలియకుండా చేయడం దొంగతనంలా అనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అన్నయ్య ఒడుగు నాడు మీరూ అమ్మా వాడూ పట్టు ఉత్తరీయం కింద తలలు దూర్చి కూర్చున్నప్పుడు నేను బయట పీట పక్కనే ఉన్నాను. మీ ఊపిరికి బట్ట కదలడమే నాకు కనబడింది. ఆ తరువాత వసారాలో మీరు వాడికి సంధ్యావందనం నేర్పుతున్నన్నాళ్ళూ తలుపు వెనుక నిలబడి విన్నాను. పాదానికి 8 అక్షరాల చొప్పున మూడు పాదాలకు 24 అని మీరు చెప్పగానే వేళ్ళమీద లెక్కపెడితే, "తత్సవితుర్వరేణ్యం" అన్న చోట ఏడే వచ్చాయి. ఆపుకోలేక లోపలినుంచే "ఏడే ఉన్నాయి" అని అరిచేశాను. మీరు కోప్పడలేదు. "లెక్కకు వరేణియం అని విడదీసుకోవాలి" అన్నారు. ఆ జవాబు మాత్రం అన్నయ్య వైపు చూస్తూ చెప్పారు. ఆడపిల్లకు అదెందుకు, లలిత చదువుకోమని మామ్మ అంది. శుక్రవారాలు లలిత ఇప్పటికీ చదువుతున్నానని ఆవిడతో చెప్పండి.

ఈ పేరా అమ్మకు చదివి వినిపించవద్దు. నవంబరు చివరిలో ఉదయాలు చాలా కష్టంగా గడిచాయి. ఒక మేజోడు తొడుక్కొని, రెండోది చేతిలో పట్టుకొని, మంచం అంచున అరగంట అలాగే కూర్చుండిపోయేదాన్ని. ఏడుపు కాదు, జబ్బూ కాదు, లేవాలన్న బుద్ధి పుట్టేది కాదు, అంతే. అలా కూర్చున్న ఒక పొద్దున "ధియో యో నః ప్రచోదయాత్" అన్న పాదం దానంతట అదే నోటికి వచ్చింది. మన బుద్ధులను ఎవడు ప్రేరేపిస్తాడో ఆ దేవుని కోరదగిన తేజస్సును ధ్యానిస్తున్నామని మీరు అన్వయం చెప్పేవారు. ఇన్నేళ్ళూ అది చదువు బాగా రావడానికి చెప్పుకొనే మంత్రమనుకున్నాను. ముందుకు తొయ్యమని అడగడమని ఆ మేజోడు చేతిలో ఉన్నప్పుడు తెలిసింది. పైగా అడిగేది "నా" బుద్ధిని కాదు, "మన" బుద్ధులను. గదిలో ఒక్కదాన్నే ఉండి ఆ మాట అంటుంటే మీరంతా పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

అరసవల్లి మీకు గుర్తుండే ఉంటుంది. మార్చిలో కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని చీకటితోనే బయలుదేరి వెళితే ఆ పూట మబ్బు పట్టింది. ఇంద్రపుష్కరిణి మెట్లమీద నేను ఏడుస్తుంటే, ఉదయానికి ముందున్నవాడు సవిత, ఉదయం నుంచి అస్తమయం దాకా ఉండేవాడు సూర్యుడు అని వేదభాష్యం వ్రాసిన సాయణాచార్యులు చెప్పిన భేదం మీరు నాకు వివరించారు. మనం చూడడానికి వచ్చింది సూర్యుణ్ణి, మంత్రం పిలిచేది సవితను అన్నారు. పదేళ్ళ పిల్లకు అది ఓదార్పులా అనిపించలేదు, పులిహోర పొట్లం చేతిలో పెట్టాకే ఊరుకున్నాను. ఇప్పుడు ఈ ఊళ్ళో ఏడు వారాలపాటు ఉండేది సవిత ఒక్కడే.

విధి అంతా పాటిస్తున్నానని చెప్పను. ఉదయం ఆరింటికి, అంటే మీకు పదిన్నరకు, స్నానం చేసి తూర్పుగా నిలబడతాను. తూర్పున ఫ్రిజ్ ఉంది. సూర్యుడు కనబడేదాకా నిలబడి జపించాలని మనుస్మృతి, ఆ లెక్కన నేను జనవరిలో కూర్చోవాలి. మొదట్లో మూడు దోసిళ్ళ అర్ఘ్యం కూడా బాల్కనీలోంచి విడిచేదాన్ని. అది కింది ఇంటి మెట్లమీద గడ్డకట్టింది. ఆ ఇంటి ముసలావిడ పైకి వచ్చి కొళాయి కారుతోందా అని మర్యాదగా అడిగింది. సిగ్గుతో అర్ఘ్యం మానేశాను. 28 సార్లు జపం మాత్రం తప్పడం లేదు. ఆలస్యమైన రోజున బస్సు కోసం నిలబడి చేస్తాను. ఉన్ని తొడుగులో బొటనవేలిని కూడా లోపలికి లాక్కుంటే కరమాల తిప్పడం సులువే: ఉంగరపు వేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి, దిగి, చిటికెన వేలి మీదుగా ఎక్కి, చూపుడువేలి మొదట్లో దిగితే పది. లెక్కపెట్టే చెయ్యి పైకి కనబడకూడదని మీరు ఉత్తరీయం కప్పుకొనేవారు. ఆ నియమం ఒక్కటి నా ప్రమేయం లేకుండానే నెరవేరుతోంది.

ఈ జపానికి ఆడపిల్లకు అధికారం ఉందా అన్న మాట మీరు ఎత్తుతారని తెలుసు. నేను వాదానికి దిగడం లేదు. ఋగ్వేదం పదో మండలంలో 85వ సూక్తానికి ఋషి సూర్య అనే స్త్రీ, ఆవిడ సవిత కూతురే. అక్క పెళ్ళిలో బావగారు తడబడుతూ చెప్పిన "గృభ్ణామి తే" మంత్రం ఆ సూక్తంలోదే. కూతురి మాటను ఆ తండ్రి కాదనలేదని మాత్రం మనవి చేసుకుంటున్నాను. నొచ్చుకోకండి.

రథసప్తమికి ఇక్కడ జిల్లేడాకులు దొరకవు, చిక్కుడుకాయలు కూడా గడ్డకట్టినవే దొరుకుతాయి. కొండలు అడ్డం కాబట్టి ఊరివాళ్ళకు సూర్యుడు జనవరి 21 ప్రాంతంలో గాని కనబడడు. ఆ రోజు అందరూ పండ్ల జామ్ పెట్టిన తీపి బన్నులు తింటారు. ఇదీ వీళ్ళ సప్తమే అనుకోండి.

నాకు రెండు కావాలి. విని నేర్చినది కాబట్టి స్వరం ఎక్కడో తప్పుతున్నానని అనుమానం. వచ్చే ఆదివారం ఫోనులో మీరు ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, నేను మాట్లాడకుండా వింటాను. రెండోది, అటకమీద అన్నయ్య రాగి పంచపాత్ర ఉంది, అంచు సొట్టపోయినది. వాడు దాన్ని ముట్టి ఎన్నేళ్ళయిందో మీకే తెలుసు, వాడిమీద చాడీలు చెప్పడం లేదు. ఉద్ధరిణితో సహా దాన్ని కందిపొడి పార్సిలులో పెట్టి పంపండి. పంపడం ఇష్టం లేకపోతే ఆ సంగతి అమ్మతో చెప్పించకుండా మీరే వ్రాయండి.

మీ
చిన్నమ్మాయి